రాసినవాళ్లు మాట్లాడకూడదు

మా ప్రెస్సులో ఒక నియమం ఉంది. మాన్యువల్ ఎవరు రాశారో వాళ్లు, దాన్ని మొదటిసారి చదివే మనిషి వెనక కుర్చీ వేసుకుని గంటసేపు కూర్చోవాలి, నోరు మెదపకూడదు, దగ్గకూడదు, తల ఊపకూడదు, ఆ మనిషి తప్పు మీట నొక్కబోతుంటే కుర్చీ కిర్రుమనిపించకూడదు. ఈ ఆఖరిది నాకు ముందు ఎవరో చేసి పట్టుబడ్డాక చేర్చారట. ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను, నా ముందు కంప్యూటర్ దగ్గర వీపు నిటారుగా పెట్టి కూర్చున్నది మా అత్తయ్య.

నిజానికి ఆవిడ రావలసిన మనిషి కాదు. రావలసింది కింద మందుల షాపులో పనిచేసే అమ్మాయి, ఆమెకు జ్వరమని పొద్దున్నే కబురొచ్చింది. అత్తయ్య వచ్చింది తాళంచెవి కోసం. ఇంట్లో ఉన్నవే రెండు, ఒకటి మా ఆయన జేబులో వేసుకున్నాడు, ఒకటి నేను సంచీలో వేసుకున్నాను, తలుపు లాగేసి మెట్ల మీద ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ దిగిపోయాం, ఏం చెప్పుకున్నామో కూడా గుర్తులేదు, పెళ్లయ్యాక ఒక్క వానాకాలం కూడా దాటలేదు, అలా దిగిపోవడమే మాకు అలవాటు. కూరగాయలకు వెళ్లిన మనిషి తిరిగొచ్చి చూస్తే తలుపుకి తాళం. పాపం చేతిలో సంచీతో ఇంత దూరం వచ్చారు, గుమ్మంలో మా యజమాని ఎదురుపడ్డారు, మేమంతా పెద్దసారు అంటాం, ఆయన నమస్కారం కూడా పూర్తి చేయకుండానే అడిగారు.

"అమ్మా, మీరెప్పుడైనా పుస్తకం పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ముట్టుకున్నారా?"

"టైపు మిషన్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు బాబూ."

"అయితే నాకు కావలసింది మీరే. ఆ సంచీ ఇటివ్వండి."

పక్క బల్ల దగ్గర మా డిజైనరన్నయ్య కుర్చీ తిప్పుకుని మరీ చూశాడు. "ఇంట్లో చాలక ఇక్కడ కూడా అత్తగారి పరీక్షేనా చెల్లెమ్మా," అన్నాడు మెల్లిగా. నేను నవ్వాను. అదే నేను ఆఖరుగా చేసిన చప్పుడు. ఆ తర్వాత పెద్దసారు గోడ గడియారం చూసి తలుపు దగ్గరగా వేసి వెళ్లారు, వెళ్తూ వెళ్తూ తన బల్ల మీది కాగితాలను తట్టి చూపించారు. అవి పాత సాఫ్ట్‌వేర్‌ను ఇంకో మూడేళ్లపాటు అద్దెకు తీసుకునే కాగితాలు, సాయంత్రంలోగా సంతకం పెట్టాలి. పెడితే పిల్లల విజ్ఞాన సర్వస్వం, పన్నెండు సంపుటాలు, పాతదానిలోనే కడతారు. పెట్టకపోతే నేను తెచ్చిన కొత్తదానిలో, నేను రాసిన మాన్యువల్‌తో, నా చేతుల మీదుగా. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న, నువ్వున్నప్పుడు అది బంగారంలా పనిచేస్తుందమ్మా, నేను చూశాను, నువ్వు లేని రోజున ఏమిటి గతి? దానికి నా దగ్గరున్న జవాబు ఇప్పుడు అత్తయ్య మోకాళ్ల మీద ఉంది, అరవై పేజీలు, స్పైరల్ బైండింగు, ఆకుపచ్చ అట్ట.

ఏం పరవాలేదు. నాకేం భయంగా లేదు. కొంచెం అరచేతులు చెమ్మగా ఉన్నాయంతే, అది ఈ గదిలో ఫ్యాను తిరిగే తీరు వల్ల. మాన్యువల్ బాగుంది, నాకు తెలుసు అది బాగుందని, కొన్ని విషయాలు మనిషికి తెలుస్తాయి, పెళ్లిచూపుల్లో ఎదురుగా కూర్చున్న మనిషి తన కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని, ఇప్పుడు సరిగ్గా కనిపిస్తున్నారు అన్నప్పుడు నాకు తెలిసినట్టు. అద్దాల దుకాణం అతనిది, ఊళ్లో చదవడానికి కష్టపడే వాళ్లంతా అతని ముందు గడ్డం ఆనించి కూర్చుంటారు, అక్షరాలు చదవమంటాడు, చదవలేకపోతే మీ తప్పు కాదండీ అంటాడు. ఆ మాట అతను రోజుకు ఎంతమందికి చెప్తాడో. నేను దాన్ని దొంగిలించి మాన్యువల్ మొదటి అధ్యాయంలో పెట్టుకున్నాను, చదివి అర్థం కాకపోతే మీ తప్పు కాదు, రాసినవాళ్లది, అని.

అత్తయ్య మొదటి పేజీ చదివారు. అట్ట వెనక్కి తిప్పి అక్కడేమైనా ఉందేమో చూశారు. మళ్లీ మొదటి పేజీకి వచ్చారు. చెయ్యాల్సింది ఒక్క పేజీ, ఒక శీర్షిక, రెండు పేరాలు, ఒక పట్టిక, అడుగున ఒక ఫుట్‌నోట్, విషయం మీ ఇష్టం. ఆవిడ కాసేపు పైకప్పు వైపు చూసి, చీర కొంగు భుజం మీదకి లాక్కుని, మా బాల్కనీ మొక్కలు అని కొట్టారు. కొట్టారు అనే అనాలి. బీమా కంపెనీలో సర్వీసంతా టైపు మిషన్ మీద గడిపిన వేళ్లవి, ఒక్కో మీటకీ బల్ల అదురుతోంది, పక్కనున్న నీళ్ల గ్లాసులో వలయాలు లేస్తున్నాయి. డిజైనరన్నయ్య ఉలిక్కిపడి చూశాడు. ఆ కీబోర్డు అతనిది.

శీర్షిక కొట్టే ముందు ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టారు. ఎందుకో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వు ఆపుకోవడానికి చెంప లోపలి వైపు కొరుక్కున్నాను. మధ్యకి తేవడానికి. టైపు మిషన్ మీద శీర్షిక సరిగ్గా మధ్యన రావాలంటే అక్షరాలు లెక్కపెట్టి, అందులో సగం వెనక్కి నడిపి, అక్కడ మొదలుపెట్టాలి, ఆవిడ అలాగే లెక్కపెట్టి ముందర అన్ని ఖాళీలు కొట్టారు. కొట్టండి అత్తయ్యా, ఎన్నైనా కొట్టండి, ఈ కొత్త సాఫ్ట్‌వేర్ వాటిని లెక్కచెయ్యదు, ఒక్క ఖాళీ అయినా పది ఖాళీలైనా దీనికి ఒకటే. ప్రతి వరస చివరా ఎంటర్ నొక్కుతున్నారు, టైపు మిషన్ క్యారేజీని వెనక్కి తోసినట్టు ఎడమ చెయ్యి కూడా కుడివైపు కాస్త ఊపుతున్నారు. అదీ పరవాలేదు. ఒక వరస ఖాళీగా వదిలితే తప్ప పేరా మారిందనుకోదు ఇది. పాతదానిలో ఇదే పని చేస్తే ఏమయ్యేదో నాకు తెలుసు, ఒక రచయితగారు అలాగే ప్రతి వరసకీ ఎంటర్ కొట్టి పంపిన నవలను నేనూ అన్నయ్యా కూర్చుని ఒక్కొక్క ఎంటరూ ఏరి పారేశాం, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, చూపు మసకబారేదాకా.

అలాగని పాతది చెడ్డదని నేను ఎప్పుడూ అనలేదు. అన్నయ్య ముందు అసలే అనను. దానిలో పేజీ కళ్లెదుట ఉంటుంది, బొమ్మను మౌస్‌తో పట్టుకుని ఇక్కడ కూర్చో అంటే కూర్చుంటుంది, అన్నయ్య అట్టబొమ్మలు కడుతుంటే వెనక నిలబడి చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం, అక్షరం మీద అక్షరాన్ని వెంట్రుకవాసి జరిపి, కళ్లు చికిలించి, మళ్లీ వెనక్కి జరిపి, ఆ చెయ్యి చేసే పనిని కంప్యూటర్‌కిచ్చే ఏ ఆజ్ఞా చెయ్యలేదు. ఒక పోస్టరుకో ఒక శుభలేఖకో దానికి సాటి లేదు, మా శుభలేఖ దానిలోనే కట్టాడు, ఇప్పటికీ తలగడ కింద పెట్టుకుంటానని ఎవరికీ చెప్పను. గొడవంతా పుస్తకం లావెక్కినప్పుడే. పదో పేజీలో ఒక వాక్యం పెరిగితే చివరిదాకా అన్నీ జారిపోతాయి, ఫుట్‌నోట్ ఒక పేజీలో, దాని అంకె ఇంకో పేజీలో, విషయసూచికలో పేజీ నంబర్లు చేత్తో దిద్దుకోవాలి, దిద్దాక ఇంకో వాక్యం పెరుగుతుంది. పాత ఫాంట్లలో కట్టిన పుస్తకాలైతే మరీను, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పంటికింద రాళ్లలా ఇంగ్లీషు గుర్తులు తప్ప ఒక్క తెలుగు అక్షరం ఉండదు.

కొత్తదానిలో పేజీ కనిపించదు. అదే మొదటి దెబ్బ. మామూలు అక్షరాలు, వాటి మధ్య ఆజ్ఞలు, ఇది శీర్షిక, ఇది పట్టిక అని చెప్పడం వరకే మన పని, తర్వాత నడుపు అనే బొత్తాం నొక్కి వదిలేయాలి, అది లోపల ఏదో గొణుక్కుని పేజీ కట్టి తెస్తుంది. నమ్మకం కావాలి దానికి. కానీ తెచ్చిన పేజీ చూస్తే, వరసల మధ్య ఎడం ఎక్కడా హెచ్చుతగ్గుల్లేకుండా, వత్తులు కింది వరస గుడుల్ని రాసుకోకుండా, పేరా మొత్తాన్ని ఒకేసారి చూసుకుని ఎక్కడ విరవాలో అక్కడ విరుస్తుంది. మొదటిసారి దానిలో కట్టిన పేజీని నేను ఇంటికి తీసుకెళ్లి మా ఆయనకు చూపించాను, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదివి, ఇది చదువుతుంటే కన్ను ఎక్కడా ఆగడం లేదు అన్నాడు, ఆ రోజు కూర మాడిపోయింది, ఇద్దరం రొట్టెతోనే సరిపెట్టుకున్నాం, అంత బాగున్న భోజనం నేనెన్నడూ చెయ్యలేదు.

దాని అసలు మాన్యువల్ మాత్రం, అబ్బ, దాని సంగతి చెప్పకూడదు. లావుపాటిది, ఇంగ్లీషుది, తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకోసం రాసుకున్నది. ప్రతి రెండో పేజీలో మీకు తెలిసే ఉంటుంది అంటుంది. నాకు తెలిస్తే నేనెందుకు వస్తాను నీ దగ్గరికి? ఒక మాటకు అర్థం కోసం వెళ్తే ఇంకో అధ్యాయానికి పంపుతుంది, అక్కడికి వెళ్తే ముందే చెప్పాం కదా అంటుంది, ఆఫీసుల్లో ఈ కిటికీ కాదు ఆ కిటికీ అన్నట్టు. నిజం చెప్పాలంటే దానిలో అబద్ధం ఒక్కటి లేదు, వెతికే ఓపిక ఉంటే దొరకని సంగతీ లేదు, కాలేజీలో ఉన్నప్పుడు సెలవులన్నీ పెట్టి నేను దాన్ని చివరిదాకా చదివాను, బావిలో దిగి నీళ్లు మోసుకొచ్చినట్టు. పాతదాని మాన్యువల్ ఇంకో రకం, అన్నీ బొమ్మలే, ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి, ఎందుకు నొక్కాలో చెప్పదు, కొత్త వెర్షన్ వస్తే బొత్తాం చోటు మారిపోతుంది, మాన్యువల్ మాత్రం పాత చోటునే చూపిస్తూ ఉంటుంది, ఇల్లు మారిన చుట్టం పాత చిరునామాలా. నేను రాసిందానిలో ఈ రెండూ లేవు. ఆజ్ఞలు కూడా తెలుగులో పెట్టాను, శీర్షిక, పట్టిక, అడుగుమాట. ఒక్కొక్క పేజీ రాయడం, భోజనాలయ్యాక మా ఆయనకివ్వడం, అతను ఎక్కడ కనుబొమ ముడిస్తే అక్కడ గీత గీయడం. అతని కనుబొమల్లో ఎడమది ముందు లేస్తుంది. అది ఈ ప్రపంచంలో ఇంకెవరికీ తెలియకపోవచ్చు.

నడుపు. అత్తయ్య నొక్కారు. నేను చూడలేదు, చూడలేకపోయాను, ఫ్యాను వైపు చూశాను. ఆవిడ చిన్నగా ఊఁ అన్నారు. తెర మీద పేజీ వచ్చింది, శీర్షిక నడిమధ్యన, పెద్దగా, మా బాల్కనీ మొక్కలు. ఆవిడ తెర దగ్గరికి మొహం పెట్టి చూశారు.

"నేను లెక్కపెట్టినవన్నీ ఏమైపోయాయి?" అన్నారు తనలో తాను, కాస్త చిన్నబుచ్చుకుని.

చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. అది తనంతట తనే మధ్యకి తెస్తుంది అత్తయ్యా, మీ లెక్క తప్పు కాదు, దీనికి అక్కర్లేదంతే. మింగేశాను. ఎనిమిదో పేజీలో ఉంది ఆ మాట, ఎనిమిదో పేజీ తిప్పండి, తిప్పారు, చదివారు, మూతి విరిచి ఇంకో పేజీకి వెళ్లారు. చూశారా సార్, రాసిన మనిషి అవసరం లేదు. పట్టిక మొదలుపెట్టారు. మొక్క, నీళ్లు ఎప్పుడు పోయాలి, రెండు నిలువు వరసలు. పుదీనా, మనీప్లాంటు, గులాబీ. పట్టికంటే నాకు కొంచెం బెరుకుండేది, దీనికి ఒక గుణం ఉంది, పట్టికనీ బొమ్మనీ మనం చెప్పిన చోట ఉంచదు, పేజీ అందం చూసుకుని ఎక్కడో పైకో పక్క పేజీకో తీసుకెళ్లి పెడుతుంది, మా ఆయన కళ్లద్దాల్లాగే, పెట్టిన చోట వెతికితే దొరకవు. అందుకే ఇరవయ్యో పేజీలో లావు అక్షరాల్లో రాశాను, పట్టిక కదిలిపోతే కంగారుపడకండి, అని. అత్తయ్య పట్టిక కదల్లేదు. ఆవిడ ముందు అది కూడా కాస్త వినయంగానే ఉంది.

అత్తయ్య ముందు అందరూ అంతే, నేను కూడా. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు ఇంతవరకు. టీ పెడితే బాగుందమ్మా అంటారు, కూర చేస్తే బాగుందమ్మా, బట్టలు మడతపెడితే బాగా మడిచావమ్మా. మా స్నేహితురాళ్లు అత్తల గురించి చెప్పినవన్నీ విని నేను యుద్ధానికి సిద్ధమై వెళ్తే అవతల ఎవరూ లేరు. అదృష్టమంటే నీదే అన్నారు అందరూ, నేనూ అనుకున్నాను, అనుకుంటూ ఉన్నాను, కానీ అప్పుడప్పుడు ఆవిడ నా టీ తాగుతున్నప్పుడు చుట్టాలింట్లో కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చుని ఉంటారు, తన సొంత ఇంట్లో. ఒకరోజు మా ఆయన్ని అడిగాను, నా టీ నిజంగా బాగుంటుందా అని. అతని ఎడమ కనుబొమ లేచింది. అంతకంటే ఏమీ చెప్పలేదు, మంచివాడు.

ఇప్పుడు ఫుట్‌నోట్. ఆవిడ గులాబీ పక్కన కర్సర్ పెట్టి, మాన్యువల్‌లో నలభై ఒకటో పేజీ తెరిచి మోకాలి మీద మడిచి పెట్టుకున్నారు. అడుగుమాట అని కొట్టారు, ఫ్లవర్ బ్రాకెట్, ఆ వంకీల గుర్తు, ఎక్కడుందో కీబోర్డంతా వెతికి తెరిచారు. గులాబీకి రోజూ నీళ్లు పోయకూడదు, వేరు కుళ్లుతుంది, పోసేవాళ్లకు చెప్పాలంటే మొహమాటం. అక్కడ ఆగారు. నా చెవులు వేడెక్కాయి. రోజూ పొద్దున్నే పళ్లు కూడా తోముకోకముందే బాల్కనీలోకి వెళ్లి ఆ గులాబీకి చెంబుడు నీళ్లు పోసేది నేనే, పోస్తూ పాడుకుంటాను కూడా, ఆవిడ కిటికీలోంచి చూసి నవ్వుతారు, ఆ నవ్వు చూసి ఇంకో చెంబుడు పోస్తాను. వెనక నేనున్నానని మరిచిపోయి రాశారా, ఉన్నానని గుర్తుండే రాశారా. వీపు చూసి చెప్పలేం, నిటారుగానే ఉంది.

నడుపు నొక్కారు. పేజీ రాలేదు. ఎర్ర అక్షరాలు వచ్చాయి.

ఎర్ర అక్షరాలు ఈ సాఫ్ట్‌వేర్‌కు ఉన్న పెద్ద రోగం. అన్నీ నేను తెలుగు చేయగలిగాను గానీ దాని తిట్లు మాత్రం ఇంగ్లీషులోనే ఉండిపోయాయి, అవి లోపలెక్కడో పుట్టుకొస్తాయి, నా చెయ్యి అందదు. పైగా తప్పు ఒక చోట ఉంటే ఇంకో చోట వేలు చూపిస్తుంది. ఏదో పారిపోయిందా అని అడుగుతోంది ఇప్పుడు, ఏదైనా తెరిచి మూయకపోతే అలాగే అడుగుతుంది. అత్తయ్య ఒక్కొక్క ఇంగ్లీషు మాటా కూడబలుక్కుని చదివారు.

"ఏం పారిపోయింది? ఎవరితో?"

అన్నయ్య కుర్చీలోంచి ఒక చిన్న తుమ్ములాంటిది వినిపించింది. నేను ముందుకు వంగి చూశాను, ఆ మాత్రం వంగొచ్చు, నియమంలో లేదు. తెర మీద ఫ్లవర్ బ్రాకెట్ తెరుచుకుని ఉంది, మూసింది లేదు. ఎందుకు మూయలేదు, ఉదాహరణలో స్పష్టంగా ఉంది కదా, తెరవడం, మాట, మూయడం, మూడు వరసలు ఒకదాని కింద ఒకటి, నా కళ్లతో నేను ప్రూఫు చూశాను. ఆవిడ మోకాలి మీద మడిచిన పేజీ వైపు చూశాను. తెరవడం ఉంది. మాట ఉంది. ఆ కింద పేజీ నంబరు ఉంది.

మూసే బ్రాకెట్ అవతలి పేజీకి వెళ్లిపోయింది.

ఎలా వెళ్లిందో ఒక్కసారిగా తెలిసింది. నిన్న అంతా అయిపోయాక, బైండింగుకు పంపేముందు, ఉండబట్టలేక మొదట్లో అంకితంగా ఒక వాక్యం చేర్చాను, భోజనాల బల్ల దగ్గర ప్రతి పేజీనీ చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదివిన మనిషికి, అని. ఒక్క వాక్యం. పెళ్లయిన కొత్తలో ఎవరైనా రాసుకునేదే. సాఫ్ట్‌వేర్ దాన్ని తీసుకుని, మర్యాదగా చోటిచ్చి, అరవై పేజీలనూ మళ్లీ సర్ది, ఎక్కడా అంచు చెడకుండా, ఏ పేజీ చివరా ఎత్తుపల్లాలు లేకుండా, ఎంతో అందంగా ఆ మూడు వరసల్ని రెండూ ఒకటిగా విరిచేసింది. పాతదైతే కళ్లకు కట్టినట్టు కనిపించేది. ఇది చెప్పలేదు, ఎందుకు చెప్తుంది, దాని లెక్కలో అది తప్పే కాదు. విరవకు అని ఆజ్ఞ ఉంది, నేను ఇవ్వలేదు. మాన్యువల్‌ను కూడా దీనితోనే ఎందుకు కట్టించానా అని కాదు నా బాధ, చదివేవాళ్ల చెయ్యి ఎక్కడ ఆగుతుందో అది చూడదు, చూడవలసింది నేను.

ఆవిడ మళ్లీ నొక్కారు. మళ్లీ ఎర్రవే. ఇంకోసారి గట్టిగా నొక్కారు, టైపు మిషన్‌లో రిబ్బను ఎండిపోతే నొక్కినట్టు. తర్వాత చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నారు. ఆ చేతులు అలా ఊరికే ఉండటం నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. గడియారం చూడాలనిపించి చూడలేదు. ఒక్క దగ్గు చాలు. కాలు చాపి ఆవిడ కుర్చీకి తగిలిస్తే చాలు, మోకాలి మీది పుస్తకం జారి అదే పేజీ తిరుగుతుంది, అది నేను చేసినట్టు కూడా కాదు. పన్నెండు సంపుటాలు. అవి నా చేతికొస్తే నాకొక సొంత బల్ల, కిటికీ పక్కన. కానీ దగ్గితే ఏమవుతుంది, సంతకం ఆగుతుంది, రేపు నేను లేనప్పుడు ఇంకెవరో ఇదే పేజీ దగ్గర ఇలాగే చేతులు ఒళ్లో పెట్టుకుంటారు, అప్పుడు దగ్గడానికి ఎవరుంటారు. కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకున్నాను. చదవగలరు. ఆవిడ చదవగలరు అని గట్టిగా అనుకున్నాను, అనుకోవడం మీద నిషేధం లేదు.

అత్తయ్య కళ్లద్దాలు సర్దుకున్నారు, కొడుకు చేసిచ్చినవే. చూపుడు వేలు మాన్యువల్ మీద పెట్టి, తల తెరకేసి తిప్పి, ఆఫీసులో ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూసుకునే పద్ధతిలో, ఒక్కరే రెండు గొంతులతో మొదలుపెట్టారు. తెరిచాం. తెరిచాం. మాట రాశాం. రాశాం. ఆ తర్వాత వేలు పేజీ నంబరు మీదికి వచ్చి ఆగింది. కాసేపు అక్కడే ఉంది. "తెరిచి ఊరుకుంటారా ఎవరైనా?" అన్నారు, వేలు కాగితం అంచు వెంట పైకి పాకి, పేజీ తిప్పింది.

"ఓహో," అన్నారు. "నువ్విక్కడున్నావా."

మూశారు. నడిపారు. బాల్కనీ మొక్కలన్నీ వచ్చేశాయి, పట్టిక దాని చోట అది, అడుగున సన్న గీత, గీత కింద చిన్న అక్షరాల్లో గులాబీ వేరు, మొహమాటం, అన్నీ ఎంతో శుభ్రంగా. నేను ఊపిరి వదిలాను, అది కాస్త చప్పుడైంది, అప్పటికే తలుపు తెరుచుకుంది.

పెద్దసారు తెర మీది పేజీ చూశారు. అన్నయ్య కూడా లేచి వచ్చాడు, ఫుట్‌నోట్ చదివి నావైపు చూసి వెంటనే గడియారం వైపు చూశాడు. పేజీ పూర్తయింది, టైము మిగిలే ఉంది, అన్నారు సారు, ఆయన గొంతులోనే తెలిసిపోయింది, కాగితాలు పక్కకి జరపబోతున్నారు.

"ఎక్కడైనా ఇబ్బంది పడ్డారా అమ్మా?"

"అబ్బే, ఏం లేదు బాబూ," అన్నారు అత్తయ్య, కుర్చీ అంచుకి జరిగి, కొంగు సర్దుకుని. "చాలా బాగా రాసింది మా కోడలు. ఎక్కడా తడుముకోలేదు."

అదే గొంతు. టీ బాగుందమ్మా అనే గొంతు. అక్కడితో ఊరుకుంటే అయిపోయేది, సారు చెయ్యి చాపి అభినందించేవారు, సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు మా ఆయన దుకాణం దగ్గర ఆగి కిటికీ అద్దం మీద తట్టి గెలిచానని వేళ్లు రెండు ఎత్తి చూపించేదాన్ని. ఊరుకుందామనే అనుకున్నాను. నోరే ఊరుకోలేదు, గంటసేపు కట్టేసిన నోరు కదా.

"లేదు సార్," అన్నాను. "అత్తయ్య ఇరుక్కున్నారు. నలభై ఒకటో పేజీ దగ్గర. మూడుసార్లు ఎర్ర అక్షరాలొచ్చాయి. తప్పు నాది, ఉదాహరణ రెండు పేజీలకి విరిగిపోయింది. ఆవిడ కాబట్టి కనిపెట్టారు, ఇంకొకరైతే లేచి వెళ్లిపోయేవాళ్లు."

అత్తయ్య నావైపు తిరిగారు. ఆవిడ మాటకు ఎదురుచెప్పడం ఇదే మొదలు, అదీ నలుగురిలో. సారు చెయ్యి కాగితాల మీదే ఆగిపోయింది.

"మరి ఫెయిలైనట్టేగా అమ్మాయ్?"

"మాన్యువల్‌లో ఒక పేజీ ఫెయిలైంది సార్. సాఫ్ట్‌వేర్ కాదు. విరవకు అని ఒక్క ఆజ్ఞ, ఇప్పుడే పెడతాను. కానీ అదొక్కటే అని నేననుకోను. ఇంకేం ఉన్నాయో చెప్పగలిగింది అత్తయ్య ఒక్కరే, ఆవిడేమో బాగుందంటున్నారు."

 అత్తయ్య నన్నే చూస్తున్నారు. సారును కాదు.

"చెప్పనా?" అన్నారు.

"చెప్పండి అత్తయ్యా."

"బాధపడతావు."

"పడతాను. చెప్పండి."

ఆవిడ కుర్చీలో వెనక్కి జరిగి వీపు ఆనించి కూర్చున్నారు. ఆకుపచ్చ అట్ట తెరిచి మోకాలి మీద పరిచారు. "అయితే పెన్సిల్ తీసుకో. మొదటి పేజీ. ఇంత చిన్న అక్షరాలా? ముసలివాళ్లు చదవరనుకున్నావా, కళ్లద్దాల దుకాణానికి బేరాలు పంపుదామనుకున్నావా? మూడో పేజీ. తేలిక, చాలా తేలిక, ఎంతో తేలిక. తేలికైతే నేనెందుకమ్మా చదవడం? రానివాళ్లకి ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఏడో పేజీ, ఆ వంకర బ్రాకెట్ ఏ మీట మీదుందో బొమ్మ వెయ్యలేదు, వెతికి వెతికి మెడ పట్టేసింది."

"అమ్మా, కాస్త నిదానంగా," అన్నాడు అన్నయ్య, అతనూ రాసుకుంటున్నాడని అప్పుడు చూశాను.

"నీ కీబోర్డు సంగతి కూడా ఉంది బాబూ, ఆగు."

పెద్దసారు కాగితాలు తీసి సొరుగులో పెట్టి మూశారు. "ఇవాళ సంతకం లేదు," అన్నారు నాతో, గొంతు తగ్గించి, ఆవిడ మాటకు అడ్డం రాకుండా. "ఆవిడ చెప్పినవన్నీ దిద్ది తీసుకురా. మొదటి సంపుటం మొదలుపెడదాం." ఇంకో కుర్చీ లాక్కుని తనూ కూర్చున్నారు. నాకు ఎగిరి గంతెయ్యాలని ఉంది, పెన్సిల్ ముల్లు విరిగిపోయింది, నోట్లోంచి నవ్వు దానంతట అదే వచ్చేస్తోంది, ఆపడానికి ఇప్పుడు ఏ నియమమూ లేదు.

"ఏమే," అన్నారు అత్తయ్య, కళ్లద్దాల పైనుంచి చూస్తూ. "రాసుకుంటున్నావా, ఊరికే నవ్వుతున్నావా?"

ఏమే అన్నారు.

"రెండూ అత్తయ్యా," అన్నాను.

"నవ్వు ఇంటికెళ్లి నవ్వొచ్చు. ముందు ఇది రాయి," అని ఆవిడ వేలు తడిచేసుకుని తర్వాతి పేజీ తిప్పారు.